శివారు కుళాయి దాకా: గార మండలంలో ఊరి ట్యాంకుకు సెన్సర్లు, పని డైరీ

పని ఏమిటి

శ్రీకాకుళం జిల్లా గార మండలంలో వంశధార ఒడ్డున ఉన్న ఒక పంచాయతీ. జనాభా రెండు వేలకు కాస్త అటూ ఇటూ. ఏటి ఇసుకలో ఊటబావి, అందులో 7.5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు. అక్కణ్నుంచి ట్యాంకు దాకా నీరెక్కించే పైపు (రైజింగ్ మెయిన్) కిలోమీటరున్నర. ఊరి మధ్యన 12 మీటర్ల స్తంభాల మీద 60 వేల లీటర్ల ట్యాంకు. జల్ జీవన్ మిషన్ లెక్కలో మనిషికి రోజుకు 55 లీటర్లు. రెండు వేల మందికి 1,10,000 లీటర్లు కావాలి, అంటే ట్యాంకు పూటకోసారి నిండాలి. పంపు సెకనుకు 8 లీటర్లు తోస్తుంది కనుక ఒకసారి నిండడానికి రెండు గంటల పైన పడుతుంది. కాగితం మీద ఏ లోటూ లేదు. కానీ పడమటి వైపు చివరి వీధిలో బిందె నిండదు.

పంచాయతీ అడిగింది రెండు: ట్యాంకు నిండగానే మోటారు దానంతట అదే ఆగాలి, ట్యాంకులో ఎంత నీరుందో ఫోన్లో కనబడాలి. మూడోది మేం కలిపాం: చివరి కుళాయి దగ్గర ఒక ప్రెషర్ సెన్సర్. ట్యాంకు నిండిందా లేదా అన్నది పంపు సంగతి. ఊరికి నీరందిందా లేదా అన్నది చివరి కుళాయే చెప్పాలి.

డబ్బు, తీర్మానం

15వ ఆర్థిక సంఘం 2021–26 నిధుల్లో 60 శాతం పారిశుద్ధ్యానికీ తాగునీటికీ కట్టుబడినవే కాబట్టి ఈ ఖర్చుకు పద్దు వెతుక్కోనక్కర్లేకపోయింది. తీర్మానంలో పరికరాల ధర ఒక్కటే రాస్తే చాలదు. ఏటేటా సిమ్ రీచార్జి, రెండు మూడేళ్లకోసారి బ్యాటరీ, ఒక స్పేర్ సెన్సర్ కూడా అందులో ఉండాలి. రెండో ఏడాది రీచార్జి ఎవరు చేయించాలో తేలక ఆగిపోయే పరికరాలే ఎక్కువ.

ట్యాంకు మీద: అల్ట్రాసోనిక్ ఎందుకు కాదు

అందరూ మొదట చూసేది అల్ట్రాసోనిక్ సెన్సరే. చవక, నీటిని తాకదు. మూడు కారణాలతో దాన్ని పక్కన పెట్టాం. మొదటిది, సెన్సర్ ముఖం ముందు 20–25 సెంటీమీటర్ల మేర అది ఏమీ చూడలేదు. ట్యాంకు నిండబోయే చివరి అంగుళాలే మనకు కావలసినవి, సరిగ్గా అక్కడే దానికి చూపు ఆనదు. రెండోది, మూతపెట్టిన ట్యాంకులో తెల్లవారుజామున సెన్సర్ ముఖానికి నీటి బొట్లు పడతాయి, ఖాళీ ట్యాంకును నిండుగా చూపిస్తుంది. మూడోది ఎండ. గాలిలో ధ్వని వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు, 40 డిగ్రీల దగ్గర 355. ఈ తేడాను సరిచేయకపోతే 3 మీటర్ల దూరం మీద 10 సెంటీమీటర్ల పొరపాటు వస్తుంది. మన ట్యాంకు లోపలి వ్యాసం 5 మీటర్లు, కాబట్టి 10 సెంటీమీటర్లంటే దాదాపు 2,000 లీటర్లు.

పెట్టింది నీటిలో మునిగే లెవెల్ ట్రాన్స్‌మిటర్: 0–5 మీటర్ల రేంజి, 24 వోల్టులు, 4–20 మిల్లీఆంప్ అవుట్‌పుట్ (నీరు లేకపోతే 4, 5 మీటర్ల నీటికి 20). ట్యాంకు నిండితే 3.06 మీటర్ల నీరు, సెన్సర్ అడుగు నుంచి 10 సెంటీమీటర్ల పైన వేలాడుతుంది కనుక దాని మీద 2.96 మీటర్లు, అప్పుడు 13.5 మిల్లీఆంపులు. 150 ఓమ్‌ల రెసిస్టరు మీద అది 2.02 వోల్టులవుతుంది. ఖాళీగా ఉంటే 0.6 వోల్టు. మన బోర్డు మీది ఈఎస్‌పీ32 చిప్పులో ఉండే ఏడీసీని (వోల్టేజీని అంకెగా మార్చే భాగాన్ని) దీనికి నమ్మకూడదు, రేంజి రెండు చివర్లా వంకర పోతుంది. విడిగా ఏడీఎస్1115 అనే ఏడీసీ చిప్పు పెట్టాం. ఒక సెంటీమీటరు నీటికి 4.8 మిల్లీవోల్టులు, ఆ చిప్పు ఒక్కో మెట్టు 0.125 మిల్లీవోల్టు, కనుక సెంటీమీటరు తేడా హాయిగా తెలుస్తుంది. 4–20 వాడడంలో ఇంకో లాభం: తీగ తెగితే కరెంటు సున్నా అవుతుంది. 3.6 మిల్లీఆంపుల కన్నా తగ్గితే 'ట్యాంకు ఖాళీ' అనకుండా 'సెన్సర్ పోయింది' అని చెప్పేలా ప్రోగ్రాం రాయాలి. లేకపోతే తెగిన తీగను చూసి ట్యాంకు ఖాళీ అనుకుని రాత్రంతా మోటారు తిరుగుతుంది, ట్యాంకు పొర్లుతుంది.

బిగించేటప్పుడు అందరూ తడబడేది ఒకటుంది. ఈ సెన్సర్ కేబుల్ లోపల సన్నటి గాలి గొట్టం ఉంటుంది, బయటి గాలి పీడనంతో పోల్చుకోవడానికి. తేమ లోపలికి వెళ్తుందన్న భయంతో ఎలక్ట్రీషియన్ దాని చివర సిలికాన్ పూసి మూసేస్తాడు. మూసేస్తే వాతావరణ పీడనం మారినప్పుడల్లా నీటి మట్టం మారినట్టు కనిపిస్తుంది. వాయుగుండం వచ్చి పీడనం 10 హెక్టోపాస్కల్‌లు పడితే 10 సెంటీమీటర్ల తప్పు. ఆ చివరను పెట్టెలోకి తెచ్చి సిలికా జెల్ గొట్టంతో వదిలేయాలి, జెల్ రంగు మారితే మార్చాలి. సెన్సర్‌ను ట్యాంకు అడుగు దాకా దించకూడదు, బురదలో కూరుకుంటుంది. అడుగు నుంచి 10 సెంటీమీటర్ల పైన, 2 అంగుళాల పీవీసీ గొట్టంలో వేలాడదీసి, గొట్టానికి కింద బెజ్జాలు పెట్టాలి. ఇన్‌లెట్ ధార దానికి ఎదురుగా పడకూడదు. ఆ 10 సెంటీమీటర్లను ప్రోగ్రాంలో కలపడం మరవకూడదు.

ట్యాంకు మీద కరెంటు లేదు. 10 వాట్ల సోలార్ ప్యానెల్, 12 వోల్టుల 7 ఆంప్-అవర్ బ్యాటరీ సరిపోతాయి, ఎందుకంటే ట్రాన్స్‌మిటర్‌కు 24 వోల్టులు రోజంతా ఇవ్వం. ఐదు నిమిషాలకోసారి 10 సెకన్లు ఇచ్చి, రీడింగ్ నిలకడగా ఉన్నాక చదివి, ఆపేస్తాం. ప్యానెల్ తీగను జీఐ పైపులోనే దించాలి. కోతులు వేలాడే తీగను వదలవు.

ఉప్పు గాలి, పిడుగు, బల్లి

కళింగపట్నం తీరం దగ్గరే. ఇక్కడ మామూలు స్క్రూలు ఒక వానాకాలం దాటవు, 304 స్టీలుకు కూడా తుప్పు మచ్చలు వస్తాయి. ట్యాంకు పైన వాడిన క్లాంపులన్నీ 316. సర్క్యూట్ బోర్డుకు తేమ అంటకుండా కన్‌ఫార్మల్ కోటింగ్ రెండు పూతలు, కనెక్టర్ల మీద మాత్రం పడకుండా. పెట్టెను పూర్తిగా బిగిస్తే మంచిదనుకుంటారు, అది కాదు. పగలు వేడికి లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి తీగల సందుల్లోంచి తేమను పీల్చుకుంటుంది. అందుకే అడుగున గాలి ఆడే బిరడా (బ్రీతర్ ప్లగ్) ఒకటి ఉండాలి, తీగలన్నీ కింది వైపు నుంచే రావాలి.

వైశాఖంలో సాయంత్రం పూట వచ్చే ఉరుముల వానలకు ఊళ్లో అన్నిటికన్నా ఎత్తు ఈ ట్యాంకే. సిగ్నల్ తీగకు రెండు చివర్లా సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి, షీల్డును ఒక్క చివరే ఎర్త్ చేశాం. రెండు చివర్లా చేస్తే పిడుగు పడినప్పుడు ట్యాంకు ఎర్తుకూ పెట్టె ఎర్తుకూ మధ్య వచ్చే తేడా షీల్డులోంచే పారుతుంది.

పంపుహౌస్‌లో శత్రువు వేరు. స్టార్టర్ కాంటాక్టుల మధ్యకు బల్లి దూరితే ఒక ఫేజు అంటదు, మోటారు రెండు ఫేజుల మీద మూలుగుతుంది. తీగల బెజ్జాలన్నిటికీ గ్లాండ్లు పెట్టి, వాడని బెజ్జాలకు బిరడాలు కొట్టడం సెన్సర్లన్నిటికన్నా ముందు చేయాల్సిన పని.

ట్యాంకు నుంచి పంపుకు మాట

కిలోమీటరున్నరకు తీగ లాగలేం. రెండు చోట్లా సిమ్‌లు పెడితే నెట్‌వర్క్ లేనప్పుడు మోటారు ఆగదు. కాబట్టి ట్యాంకు నుంచి పంపుకు లోరా రేడియో, తక్కువ కరెంటుతో దూరం పోయే రకం. మన దేశంలో 865–867 మెగాహెర్ట్జ్ మధ్య లైసెన్సు అక్కర్లేదు. ఆన్‌లైన్లో చవకగా కనిపించే 915 మెగాహెర్ట్జ్ మాడ్యూళ్లు ఇక్కడికి కావు, కొనేముందు పెట్టె మీద చూసుకోవాలి. యాంటెన్నా తగిలించకుండా మాడ్యూల్‌కు కరెంటిస్తే ట్రాన్స్‌మిటర్ కాలిపోవచ్చు. ఇంటర్నెట్‌కు పంపే 4జీ మోడెమ్ పంపుహౌస్‌లో ఒక్కటే. పాత 2జీ మాడ్యూళ్లు సిగ్నల్ వెతికేటప్పుడు 2 ఆంపుల దాకా లాగుతాయి. సన్న తీగలతో కరెంటు ఇస్తే వోల్టేజీ పడి బోర్డు మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంది, చూసేవాళ్లు సిగ్నల్ లేదనుకుంటారు.

మోటారు నియంత్రణ

ఇక్కడ ఒకటే సూత్రం: ఎలక్ట్రానిక్స్ చచ్చినా మోటారు చేత్తో నడవాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. అలాంటప్పుడు జనరేటర్ తెచ్చి తగిలిస్తే పాత స్టార్టర్ పాత పద్ధతిలో పనిచేయాలి. అందుకే ఆటో–మాన్యువల్ సెలెక్టర్ స్విచ్. మాన్యువల్‌లో మన బోర్డు దారిలోనే ఉండదు. ఆటోలో స్టార్ట్ బటన్‌కు సమాంతరంగా ఒక రిలే, స్టాప్ బటన్‌తో వరసలో ఇంకో రిలే. కాంటాక్టర్ కాయిల్ మీద 100 ఓమ్‌ల రెసిస్టరు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు కలిపి స్పార్కును మింగే స్నబ్బర్ పెట్టాలి. లేకపోతే కాయిల్ ఆగిన ప్రతిసారీ వచ్చే స్పార్కుకు చిన్న రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి. అతుక్కున్న రిలే అంటే ఆగని మోటారు.

కరెంటు వచ్చిన వెంటనే మోటారు మొదలవకూడదు. లైను మీద ఉన్న మోటార్లన్నీ ఒకేసారి లాగితే వోల్టేజీ పడిపోతుంది, కాంటాక్టర్ టపటపా కొట్టుకుంటుంది. మాది 4 నిమిషాలు ఆగి, మూడు ఫేజులూ 360 వోల్టుల పైన నిలబడ్డాకే మొదలవుతుంది. ఊటబావి ఎండాకాలం అడుగంటితే మోటారు గాలి తోస్తుంది. దాన్ని పసిగట్టడానికి వేరే సెన్సర్ అక్కర్లేదు: మామూలుగా 14 ఆంపులు లాగే మోటారు 10కి దిగి 20 సెకన్లు అలాగే ఉంటే ఆపేయడం, బావి ఊరడానికి అరగంట ఇవ్వడం. వెంటవెంటనే తిరిగి ప్రయత్నించేలా రాస్తే వైండింగ్ కాలుతుంది.

డెలివరీ పైపు మీద పల్స్ ఇచ్చే బల్క్ మీటరు, 100 ఎంఎం, వంద లీటర్లకో పల్సు. దానికి ముందు 100 సెంటీమీటర్లు, వెనక 50 సెంటీమీటర్ల నేరు పైపు ఉండాలి. ట్యాంకు అవుట్‌లెట్ మూసి నింపినప్పుడు మీటరు చెప్పిన లీటర్లూ ట్యాంకులో పెరిగిన లీటర్లూ కలవాలి. కలవకపోతే రైజింగ్ మెయిన్‌లో లీకుందని తేల్చేముందు నీరు వెనక్కి రాకుండా ఆపే వాల్వు (ఎన్‌ఆర్‌వీ) చూడాలి. అది కారుతుంటే రాత్రికి పైపు ఖాళీ అవుతుంది, పొద్దున్న మోటారు వేయగానే మీటరు మొదట గాలిని లెక్కపెడుతుంది.

శివారు కుళాయి

చివరి వీధిలో 63 ఎంఎం లైను ఆగే చోట, నేలలో చిన్న చాంబరు కట్టి 0–4 బార్ ప్రెషర్ సెన్సర్ పెట్టాం (ఒక బార్ అంటే దాదాపు 10 మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడి). సులువుగా దొరికేది 0–12 బార్ రకం. అది వద్దు. 12 బార్‌లో ఒక శాతం పొరపాటంటే 1.2 మీటర్ల నీరు, మనం వెతికేదే రెండు మూడు మీటర్లు. ఈ సెన్సర్ 0.5 నుంచి 4.5 వోల్టుల దాకా ఇస్తుంది, బార్‌కు ఒక వోల్టు. సెన్సర్‌కు ఇచ్చే 5 వోల్టుల సరఫరా కాస్త తగ్గితే రీడింగ్ కూడా తగ్గుతుంది కనుక ఆ సరఫరాను కూడా కొలిచి భాగించాలి.

కుళాయిలన్నీ కట్టేసి ఉంటే ఇక్కడ 1.2 నుంచి 1.5 బార్ దాకా రావాలి, ట్యాంకు ఎత్తు అంతే. నీళ్లు వదిలాక మొదట వచ్చేది గాలి. సెన్సర్ కాసేపు 0.1 చూపించి పడిపోతుంది. అందుకే 0.15 బార్ పైన మూడు నిమిషాలు నిలిచాకే 'నీళ్లు అందాయి' అని రాసుకుంటుంది.

గ్రాఫు చూసిన మొదటి పొద్దుల్లోనే కారణం బయటపడింది. ఆరు గంటలకు వాల్వు తిప్పారు, ట్యాంకు నిండుగా ఉంది. చివరి వీధిలో ఒత్తిడి సున్నా దగ్గర కొట్టుమిట్టాడుతోంది, మధ్యమధ్య సెన్సర్ 0.5 వోల్టు కన్నా కిందికి, 0.46కు దిగుతోంది. అంటే పైపు నీళ్లివ్వడం లేదు సరికదా, గాలిని లోపలికి పీలుస్తోంది. అంతలో ఊళ్లో కరెంటు పోయింది. రెండు నిమిషాల్లో ఒత్తిడి 0.35 బార్‌కు లేచింది. కరెంటు వచ్చింది, మళ్లీ సున్నా. ట్యాంకు నుంచి నీరు తన బరువుతో దిగేదే, దానికి కరెంటుతో పనిలేదు. కరెంటు పోతే ఒత్తిడి పెరిగిందంటే, దారిలో ఇళ్లవాళ్లు కుళాయిలకు బిగించిన మోటార్లు ఆగాయన్న మాట.

ఇలాంటి పైపు దాహం కన్నా పెద్ద ప్రమాదం. ఒత్తిడి సున్నా కన్నా దిగినప్పుడు జాయింట్ల దగ్గర కాలువ నీరు లోపలికి వస్తుంది. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాక ఈ మాట ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. చివరి కుళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగలాలని తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. 60 వేల లీటర్లకు లీటరుకు 2 మిల్లీగ్రాముల మోతాదంటే 120 గ్రాముల క్లోరిన్. 33 శాతం ఉన్న తాజా బ్లీచింగ్ పౌడరైతే 365 గ్రాములు, ఉప్పు గాలికి మెత్తబడి 20 శాతానికి దిగిన బస్తాలోదైతే 600 గ్రాములు. క్లోరిన్‌ను ఆన్‌లైన్లో కొలిచే ప్రోబ్ ఈ ఊరికి పెట్టలేదు. ఖరీదు, పైగా తరచూ కాలిబ్రేషన్ కావాలి. ఫీల్డ్ టెస్ట్ కిట్ మీద శిక్షణ పొందిన ఆడవాళ్లు ఊళ్లో ఉన్నారు. వాళ్లు చివరి కుళాయి దగ్గర చూసిన అంకెను సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ సెన్సర్ రీడింగులున్న పట్టికలోనే ఎక్కిస్తారు.

మోటార్ల సంగతి ఏం చేశాం

మొదట వచ్చిన సలహా దాడులు, జరిమానాలు. సెన్సర్ ఏ ఇంట్లో మోటారుందో చెప్పదు, చెప్పాలని దాన్ని వాడనూకూడదు. ఒత్తిడి లేక మోటారు పెడతారు, మోటార్ల వల్ల ఒత్తిడి ఇంకా పడుతుంది, పక్కింటివాళ్లూ పెడతారు. ఈ చుట్టును వాల్వుల దగ్గర తెంచడం సులువు. ఊరిని రెండు జోన్లు చేసి, ట్యాంకులో నీరు 2.5 మీటర్ల పైన ఉండగా మొదటి 40 నిమిషాలు శివారు జోన్‌కే ఇస్తున్నారు, తర్వాత ట్యాంకు దగ్గరి జోన్. ట్యాంకుకు దగ్గరున్న వీధులకు మట్టం తగ్గినా నీరు వస్తుంది, శివారుకు రాదు. ఇంతకు ముందు జోన్ల వరస తిరగేసి ఉండేది. ఇప్పుడు చివరి కుళాయి దగ్గర 0.4 బార్ నిలుస్తోంది. అంటే 4 మీటర్ల నీరు. పట్టణాల్లో ఒక అంతస్తు ఇళ్లకు కేంద్ర ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ (సీపీహెచ్‌ఈఈఓ) 1999 మాన్యువల్ చెప్పిన 7 మీటర్లకు ఇది చాలా దూరం, కానీ బిందె నిండుతోంది. తర్వాతి మెట్టు ఇంటి కనెక్షన్లలో ప్రవాహాన్ని కట్టడి చేసే ఫెర్రూళ్లు.

వాల్వులకు మోటార్లు బిగించలేదు. రోడ్డు పక్క చాంబర్లలో వాననీరు నిలుస్తుంది, యాక్చువేటర్ ఒక సీజను దాటదు. మనిషి ఉన్నాడు, వాల్వు కీ ఉంది. యాప్ చూపించినప్పుడు వాటర్‌మ్యాన్ అన్న మాట: "ఫోను సూసుకుంటూ కూకుంటే వాల్వులు ఎవులు తిప్పుతారు బాబూ?" అందుకే ఆయనకు యాప్ లేదు. ట్యాంకు కింద స్తంభానికి మూడు దీపాలు: ఆకుపచ్చ వెలిగితే శివారు జోన్ తిప్పొచ్చు, పసుపు వెలిగితే జోన్ మార్చాలి, ఎరుపు వెలిగితే సెన్సరో మోటారో ఆగింది. దారిన పోయేవాళ్లకూ కనబడతాయి, కాబట్టి అడగడానికి వాళ్లకూ ఒక ఆధారం.

మెసేజ్, పై కచేరీకి పోయే అంకె

2025 జనవరిలో మన మిత్ర మొదలయ్యాక ప్రభుత్వ సమాచారం వాట్సాప్‌లో రావడం ఊళ్లకు కొత్త కాదు. అయినా కీప్యాడ్ ఫోన్లున్న ఇళ్ల కోసం ఎస్సెమ్మెస్. గేట్‌వే ద్వారా పంపాలంటే టెలికాం కంపెనీల నమోదు వేదిక డీఎల్‌టీలో హెడరూ (పంపేవారి పేరు) టెంప్లేటూ (మెసేజ్ నమూనా) ముందే నమోదు కావాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా మెసేజ్ పోదు. తెలుగులో ఒక ఎస్సెమ్మెస్‌కు 70 గుర్తులే, ఇంగ్లిషులో 160. గుడింతం, వత్తు, పొల్లు ఒక్కొక్కటీ ఒక గుర్తు కింద లెక్క. 'నీళ్లు' అన్న మాటకే ఆరు. దాటితే రెండు మెసేజ్‌ల ఖర్చు. ఇప్పుడు వెళ్తున్నది ఇది: "నీళ్లు 6.10కి వదిలాం. శివారు వీధికి 6.35కి అందాయి." యాభై గుర్తులు.

2020లో జల్‌శక్తి శాఖ, ఎలక్ట్రానిక్స్–ఐటీ శాఖ కలిసి ఊరి నీటి సరఫరాను సెన్సర్లతో కొలిచే పరికరాల కోసం పోటీ పెట్టినప్పటి నుంచీ డాష్‌బోర్డులు చాలా వచ్చాయి. వాటిలో ఎక్కువ కనిపించేది ట్యాంకు మట్టం, పంపు గంటలు. ఈ పంచాయతీ నుంచి పైకి పంపే మొదటి అంకె వేరు: శివారు కుళాయి దగ్గర 0.15 బార్ పైన నిలిచిన నిమిషాలు, ఉదయం, సాయంత్రం. పరిమాణం, నాణ్యత, క్రమబద్ధత అని జల్ జీవన్ మిషన్ పెట్టుకున్న మూడు కొలతల్లో క్రమబద్ధతను ఇది నేరుగా చూపిస్తుంది. దీనితోపాటు క్లోరిన్ అంకె, ట్యాంకు మట్టం. డేటా ఆగితే ఆ గడి ఖాళీగా ఉండాలి, పాత అంకె నిలిచిపోకూడదు. నిన్నటి రీడింగ్‌ను ఈ రోజు ఆకుపచ్చగా చూపించే బోర్డు వల్ల ఫిర్యాదు చేసేవాడి మాటే అబద్ధమవుతుంది.

వానలకు ముందు మిగిలినవి

పంపుహౌస్ ప్యానెల్‌ను గోడ మీది వరద గుర్తుకు మీటరున్నర పైకి ఎత్తాలి. గొట్టా బ్యారేజి నుంచి నీరు వదిలే సమాచారం అందగానే ప్యానెల్ మెయిన్ ఆపేసి మోటారు కేబుల్ విప్పే పద్ధతి కాగితం మీద రాసి తలుపు లోపల అంటించాలి. శివారు చాంబరు మూత అంచుకు రబ్బరు బీడింగ్ వేయాలి. ట్యాంకును కడిగే రోజు సెన్సర్‌ను పైకి తీసి, తుడిచి, బయట సున్నా దగ్గర 4 మిల్లీఆంపులు వస్తోందో లేదో మల్టీమీటరుతో చూసి, ఆ అంకెను పెట్టె మూత లోపలి కార్డు మీద తేదీతో రాయాలి. ఈ పని ఇంజినీరింగ్ అసిస్టెంట్‌కు అప్పగించాం, స్పేర్ సెన్సరూ పెట్టె తాళం చెవీ ఆయన దగ్గరే ఉన్నాయి.